కొండముచ్చు చెయ్యి

విఠల్ సారు బడికి పోగానే కొమురవ్వ అతని ట్రంకుపెట్టె తెరిచింది. ఇల్లు ఆమెది. అందులో అద్దెకు దిగిన ఈ కొత్త సైన్సు పంతులు మీద ఆమెకు మొదటి నుంచీ అనుమానమే.

నిరుడు కొత్త కరెంటు తీగ తగిలి చచ్చిన కొండముచ్చును, హనుమంతుడి రూపమని, ఊరంతా డప్పులతో తీసుకుపోయి పాతిపెట్టింది. మొన్న చూస్తే ఆ గోరీ మీద మట్టి కదిలి ఉంది. పైగా మనకూ కోతులకూ ముత్తాత ఒక్కడేనని ఈయన పిల్లలకు చెబుతున్నాడట.

బట్టల అడుగున, గుడ్డలో చుట్టిన ఎముకల చెయ్యి దొరికింది.

సారు వచ్చేదాకా ఆమె గడపలోనే కూర్చుంది.

"గిది ఎవలిది? మా కొండముచ్చును తవ్వి తెచ్చినవ్ గద?"

సారు ఆ చేతిని చూశాడు, ఆమెను చూశాడు.

"అవునవ్వా. కొండముచ్చుదే. తప్పయింది."

నోటికొచ్చినట్టు తిట్టి, అతనితోనే గొయ్యి తవ్వించింది. ఆ చేతికి పసుపు రాసి, కొత్త గుడ్డ చుట్టి, కొబ్బరికాయ కొట్టింది.

"అంజన్నా, మా పంతులు తెల్వక చేసిండు, మన్నించు" అని ఏడ్చింది. సారు కూడా మట్టి వేశాడు.

మన చేతికీ కోతి చేతికీ ఎంత పోలికో పిల్లలకు చూపించాలని అతను దాన్ని పట్నంలో కొన్నాడు. అది మనిషి చెయ్యి. ఆ మాట అంటే బాణామతి చేస్తున్నాడని ఊరు అతన్ని స్తంభానికి కట్టేసేది.

ఎవరూ అడగని ఏ దిక్కులేని శవానిదో ఆ చెయ్యి. కొండముచ్చుదనుకున్నారు కాబట్టి దానికి ఇంత పసుపూ, ఒక మనిషి ఏడుపూ దక్కాయి.