చెరిగిన వరుస

నంద్యాల నూనెమిల్లులో కంప్యూటరు ప్రోగ్రాములన్నీ లూదియానే రాసింది. ప్రతి ఫైలు మొదటి వరుసలో ‘రాసినది: లూదియా, ఆళ్లగడ్డ’ అని ఉంటుంది. జీతం అంతంతమాత్రమే అయినా ఆ వరుస చూసుకుని మురిసిపోయేది.

ఆ సాయంత్రం యజమాని అనంతయ్య ఆమె పక్కన కుర్చీ వేసుకున్నాడు.

“ఫైళ్లు తెరవకుండానే అన్నిట్లో ఒక మాట మార్చొచ్చంటివే. ఎట్లనో చూపించు.”

“ఏ మాట మార్చమంటారు సార్?”

“నేర్చుకునేదానికే గదా. నీ పేరు తీసి నాది పెట్టు.”

లూదియా నవ్వుతూ కమాండు కొట్టింది. రెప్పపాటులో అన్ని ఫైళ్లలో పేరు మారిపోయింది.

“మళ్లీ పాత పేరు పెట్టేది గూడా చూపిస్తా సార్.”

“అదొద్దులేమ్మా. పొద్దున ఆదోని మిల్లోళ్లు వీటిని కొనేదానికి వస్తాండారు. నువ్వింక బస్సుకు పో.”