ఉల్టా కట్టిన వైరు

ఆ శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు ఫిలిం నగర్‌లోని ఆ రికార్డింగు స్టూడియోలో ఉన్నవారు వరుసగా: సోఫాలో నిర్మాత ఆదినారాయణ, ఆయన పక్కన సంగీత దర్శకుడు కాశీవిశ్వనాథం, ఎత్తు స్టూలు మీద గిటారిస్టు నాగసాయి, మీటల బల్ల ముందు సౌండ్ ఇంజనీరు ప్రణతి.

చివరగా, తలుపు దగ్గర, చెప్పులు చేతిలో పట్టుకుని లక్ష్మయ్య. ఆయనకు ఎవరూ కుర్చీ చూపలేదు.

కృష్ణానగర్‌లో మైకులు, హెడ్‌ఫోన్లు బాగుచేసి బ్రతికే మనిషి. గిటారులో ఊడిన వైర్లను అతికించడానికి వాచ్‌మన్ పిలుచుకువచ్చాడు.

బల్ల మీద పాత గిటారు పొట్ట విప్పి ఉంది. నలభై ఏళ్ల క్రితం ఆదినారాయణ తండ్రి తీసిన చిత్రంలో, ఒక పాటకు మ్రోగిన గిటారే అది.

తంతుల కంపనాన్ని పట్టుకునే దాని రెండు పికప్‌లు ఎప్పుడో చెడిపోయాయి. ప్రణతి వాటిని, వాటి వైర్లతో సహా చెత్తబుట్టలో వేసింది. విదేశాల నుంచి మూడు జతలు తెప్పించి మార్చి మార్చి బిగించారు. తన కొత్త సినిమాకు ఆదినారాయణ కోరిన ఆ పాత నాదం మాత్రం రాలేదు.

"ఏంటండీ ఇది?" అన్నాడు ఆదినారాయణ. "నాన్నగారి పాటలో గిటారు ముక్కుతో ఏడుస్తుంది. మీది భోంచేసి త్రేన్చినట్టుంది. ఒంటిగంట దాకా చూస్తాను. రాకపోతే సినిమా ఇంకొకరికి ఇచ్చేస్తా."

ఫోను మ్రోగితే మాట్లాడుకుంటూ, బాల్కనీ తలుపు తెరిచే ఉంచి, అటు వెళ్లాడు.

మూడేళ్లుగా చేతిలో చిత్రం లేని కాశీవిశ్వనాథం నుదురు తుడుచుకున్నాడు.

లక్ష్మయ్య చిన్నగా దగ్గాడు.

"సార్, పికప్‌లది తప్పు లేదు. రెండిట్ల ఒకదాని వైర్లు ఉల్టా కట్టాలె."

నాగసాయి పకపకా నవ్వాడు. "ప్రణతీ, విన్నావా? నాలుగేళ్ల ఇంజనీరింగ్ అనవసరంగా చదివావు."

"డయాగ్రామ్ ఇదిగో తాతా," అంది ప్రణతి. "ఎర్రది ఇక్కడ, నల్లది ఇక్కడ. చూసి అతికించు, చాలు."

"డయాగ్రామ్ కరెక్టే బిడ్డా. రెండూ ఒక్కతీరు కడితే ఒకటే మాట చెప్తయ్, సౌండ్ లావుగొస్తది. ఒకదాన్ని ఉల్టా కడితే రెండూ కొట్లాడుకుంటయ్. ఆ కొట్లాటల మిగిలేదే మీకు కావాల్సింది."

"సంగీతం నాకు నేర్పుతున్నావా?" అన్నాడు కాశీవిశ్వనాథం.

"అయ్యో, గట్ల కాదు సార్. జర ఆ మూత తిప్పి చూడుండ్రి. లోపటి దిక్కు..."

"మూతలో ఏముంటుంది? బూజు. నీ పని నువ్వు చూడు."

గిటారు వెనుక మూత బల్ల మీద బోర్లా పడి ఉంది.

పాత స్టూడియోలలో ఒక ఆచారం ఉండేది. వాద్యాన్ని ఎవరు విప్పినా, ఏమి చేసినదీ చీటీ మీద రాసి మూత లోపల అతికించాలి. ఆ రోజుల్లో వయొలిన్ వాయించిన కాశీవిశ్వనాథానికి ఆ ఆచారం తెలుసు. అయినా, చెప్పులు చేతిలో పట్టుకున్న మనిషి చెప్పగా మూత తిప్పడం ఆయనకు చిన్నతనమనిపించింది.

ముగ్గురూ కాఫీకి వెళ్లారు.

లక్ష్మయ్య నేల మీద మోకాళ్లూని, డయాగ్రామ్‌ను పక్కకు జరిపి, వైర్లు అతికించాడు.

తిరిగి వచ్చిన ప్రణతి గిటారులోకి తొంగిచూసి కేక వేసింది. "సార్! ఉల్టానే కట్టేశాడు!"

కాశీవిశ్వనాథం ముఖం ఎర్రబడింది. "నీకు బుద్ధుందా? నడు బయటికి!"

"పోతా సార్. ఒక్కపారి వాయించుండ్రి. ఎదురుంగ విని పోతా. గంతే."

"వినడానికి నువ్వెవరివి?"

వాచ్‌మన్ ఆయనను రెక్క పట్టుకుని బయటికి తీసుకువెళ్లాడు. మందపాటి తలుపు మూసుకుంది. లోపలి శబ్దాన్ని రవ్వంత కూడా బయటికి పోనివ్వని తలుపది.

"పీకేసే ముందు తాతగారి కచేరీ విందాం," అని నాగసాయి వెక్కిరింతగా ఒక తంతిని మీటాడు.

గిటారు ముక్కుతో ఏడ్చింది.



బాల్కనీలోంచి ఆదినారాయణ పరుగున వచ్చాడు. "ఇదే! ఇదేనండీ! మళ్లీ వాయించవయ్యా!"

నాగసాయి మళ్లీ వాయించాడు. ఆదినారాయణ కళ్లు తుడుచుకున్నాడు.

"ఎలా సాధించారండీ?"

కాశీవిశ్వనాథం ప్రణతి వైపు చూశాడు. ప్రణతి తల దించుకుంది.

"మూడో జత పికప్‌లండీ," అన్నాడాయన. "ఏరి కోరి తెప్పించాను."

తలుపుకున్న చిన్న అద్దంలో, చెక్కకు చెవి ఆనించి నిలబడిన లక్ష్మయ్య కనిపించాడు. వాచ్‌మన్ భుజం పట్టి లాగాడు. అద్దం ఖాళీ అయింది.

బిగించడానికి మూత ఎత్తిన ప్రణతి దానిని తిప్పింది. లోపల పచ్చబడిన చీటీ. చదివి, మూతను కాశీవిశ్వనాథం చేతికిచ్చింది.

ఆయన చదివాడు. రెండోసారి చదివాడు. ఆమె చేతిలోని స్క్రూడ్రైవరు తీసుకుని, మూతకున్న నాలుగు మరలూ స్వయంగా బిగించాడు.

"ఏముందండీ అందులో?" అని అడిగాడు ఆదినారాయణ.

"బూజు," అన్నాడు కాశీవిశ్వనాథం.

చీటీలో ఉన్నది ఇది: "14-8-1986. పికప్ వైర్లు తిరగేసి కట్టబడినవి. సరిచేయుటకు వ్యవధి లేక పాటను అట్లే రికార్డు చేయడమైనది. ఈ తప్పు చేసినందుకు, గిటారు మ్రోగకముందే పనిలోనుండి తొలగించి బయటికి పంపబడిన హెల్పరు: పి. లక్ష్మయ్య."