తేదీ సరిపోలేదు

మూడోసారి కూడా సర్వర్ లేచినట్టే లేచి కూలబడింది.

“మళ్ళీ అదే ఎర్ర గీత, మేస్త్రిగారూ,” అంది కొత్తమ్మాయి తెర మీద వేలు పెట్టి. “డిప్లాయ్‌మెంట్ ఫెయిల్. రికార్డు నంబరు 4417, తేదీ సరిపోలేదట.”

ఆ నంబరు చూసేసరికి మేస్త్రికి నోరెండిపోయింది. అతను గోడలు కట్టే మేస్త్రి కాడు. పన్నెండేళ్ళుగా ఈ ఆస్పత్రి సర్వర్లను నిలబెడుతున్నందుకు ఆఫీసు పెట్టిన పేరది. ఎంత మొండి సర్వరైనా అతని చెయ్యి పడితే చచ్చినట్టు లేస్తుందని ప్రతీతి. ఆ పేరు కాస్తా ఇవాళ మంటగలిసేలా ఉంది.

పడింది కూడా మామూలు సర్వర్ కాదు. కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళ వరుసంతా దాంట్లోనే ఉంది. పొద్దున పాత వెర్షన్ ఆపి కొత్తది ఎక్కించడం మొదలుపెట్టారు. అరగంట పనే అనుకున్నారు. ఇంతలో ఆపరేషన్ థియేటర్ నుంచి ఫోను. ప్రమాదంలో పోయిన మనిషి కిడ్నీ ఒకటి దారిలో ఉంది, అది ఎవరికివ్వాలో పదకొండుకల్లా చెప్పాలి. రక్తం గ్రూపు కుదిరినవాళ్ళలో ఎవరు ముందు పేరు రాయించుకుంటే వాళ్ళకే. ఇప్పుడు పదీ ఇరవై.

“పాతదాన్నే లేపేద్దాం,” అన్నాడు మేస్త్రి.

“డేటా అంతా కొత్త పద్ధతిలోకి మార్చేశాం కదండీ! వెనక్కి తిప్పాలంటే మధ్యాహ్నం దాటిపోతుంది.”

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

తలుపు తోసుకుని మేనేజర్ వచ్చాడు. “ఏమయ్యా, లేచిందా?”

“ఒక్క రికార్డు దగ్గర ఆగుతోంది సార్,” అంది కొత్తమ్మాయి. “పేరు రాయించుకున్న తేదీ, మొదటి రక్తపరీక్ష తేదీ ఒకటే ఉండాలని కొత్త వెర్షన్‌లో తనిఖీ పెట్టాం. ఈ ఒక్కటే కుదరట్లేదు.”

“వేలమందిలో ఒక్కరి కోసం మొత్తం ఆగిపోతుందా?”

“తప్పు దొరికితే ఆగమనే రాశాం సార్.”

“ఆ తనిఖీ పీకేసి లేపండి. తర్వాత తీరిగ్గా చూసుకుందాం. థియేటర్ వాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు.” వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయాడు.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. గబగబా తనిఖీ ఆపే వాక్యం టైపు చేశాడు. ఎంటర్ కొట్టడానికి మాత్రం వీల్లేదు. నాలుగు నెలల కిందట కొత్త నియమం వచ్చింది. అసలు సర్వర్ మీద ఎవరూ ఒంటరిగా పనిచేయకూడదు. ఒకరు టైపు చేస్తే రెండోవారు పైకి చదివి ‘సరే’ అనాలి.

“చదువు తల్లీ.”

ఆమె చదివింది. సరే అనలేదు.

“టైము చూశావా?”

“చూశానండీ. కానీ ఈ మనిషి రక్తపరీక్షకి పధ్నాలుగు నెలల ముందే పేరు రాయించుకున్నట్టుంది. తనిఖీ తీసేస్తే ఇవాళ మొదటి పేరు ఇదే అవుతుంది.”

“టైపింగ్ పొరపాటయ్యుంటుంది.”

“మొదట సరిగ్గానే ఉన్నట్టుంది. ఆరు నెలల కిందట ఓ ఆదివారం ఎవరో మార్చారు. ఎవరో తెలియాలంటే గంట వెతకాలి.”

“మేనేజర్ చెప్పాడుగా! ఏదైనా వస్తే ఆయన నెత్తికే చుట్టుకుంటుంది. నువ్వు సరే అను.”

“అనలేనండీ. ఇది ముందుకొస్తే నిజంగా ముందున్నవాళ్ళు వెనక్కి పోతారు. వాళ్ళింట్లో మాత్రం ఫోను పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఉండరా?”

టేబుల్ మీద ఫోను మోగింది. థియేటర్ వాళ్ళే. మేస్త్రి ఎత్తలేదు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి తుడిచాడు. చేరి నెలన్నరైనా కాని పిల్ల, గట్టిగా ఒక్క కసురు కసిరితే చచ్చినట్టు సరే అంటుంది. కసరడానికి నోరు తెరిచాడు కూడా. ఆమె ముఖం చూసి మూసుకున్నాడు. పదీ నలభై.

టైపు చేసింది చెరిపేశాడు. దాని చోట తేదీ దిద్దే వాక్యం మొదలుపెట్టాడు. రెండుసార్లు అంకెలు తప్పాయి.

“చీటీ చూడకుండానే వేస్తున్నారేంటండీ?”

“పోల్చి చూసుకో.”

ఆమె రక్తపరీక్ష చీటీ తెరిచి చూసింది. రోజుతో సహా అచ్చంగా సరిపోయింది.

“అమ్మో, ఏం జ్ఞాపకశక్తండీ మీది! సరే.”

ఎంటర్ నొక్కాడు. తెర మీద గీతలు పరుగెత్తాయి, ఒకచోట తటపటాయించాయి, మళ్ళీ కదిలాయి. సర్వర్ లేచింది. పదీ నలభై ఎనిమిదికి జాబితా థియేటర్‌కి చేరింది. మొదటి పేరు ఎవరో ముక్కూముఖం తెలియని మనిషిది. 4417 ముప్పై ఒకటో చోటికి జారింది.

“మేస్త్రంటే మేస్త్రే!” అంటూ మేనేజర్ వచ్చి వీపు చరిచాడు. పక్క గదిలోవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

“ఆ తేదీ ఎవరు మార్చారో కూడా పట్టేద్దామా అండీ?” అంది కొత్తమ్మాయి ఉత్సాహంగా.

“నువ్వు శ్రమపడకు తల్లీ. సాయంత్రంలోగా మేనేజర్‌కి నేనే రాసిస్తాను,” అన్నాడు మేస్త్రి.

తర్వాత మెట్ల దగ్గరికి వెళ్ళి భార్యకు ఫోన్ చేసి, “మన పాప వంతు ఇంకా రాలేదు,” అన్నాడు.