సీతమ్మ తుడిచిన వేలిముద్రలు

పక్కింట్లో గొలుసు పోయిందని వినగానే, తీసింది తన కొడుకేనని సీతమ్మ తేల్చేసుకుంది. అంకారావును ఇంకా ఎవరూ అనుమానించలేదు. వాళ్లకు ఆ శ్రమ లేకుండా ఆమే ముందు అనుమానించింది.

సీతమ్మ తీరే అంత. కొడుకు మోటారు షెడ్డు నుంచి రావటం కాస్త ఆలస్యమైతే లారీ కింద పడ్డాడనుకుంటుంది. వేళకే వస్తే పనిలోంచి పీకేశారనుకుంటుంది. దగ్గితే క్షయ, దగ్గకపోతే లోపల్లోపలే ముదురుతున్న క్షయ.

ఆ పొద్దున పక్కింటి మెహరున్నీసా పిట్టగోడ మీంచి తల పెట్టి గుసగుసగా చెప్పింది.

“మా అమ్మాయి మైమూనా గొలుసు కనపట్టంలేదు వదినా. గుంటూరు నుంచి వేలిముద్రలోళ్లు వస్తన్నారంట. దొంగ చెయ్యి పడ్డచోట ఏదో పౌడరు చల్లితే చాలంట, ఇట్టే దొరికిపోతాడంట!”

“ఓరి దేవుడో! ఎక్కడ చల్లుతారంట?”

“ముందు మేడమెట్ల రైలింగు మీదే. దాన్ని పట్టుకోకుండా పైకెట్టా ఎక్కుతాడు?”

నిన్న సాయంత్రం వాళ్ల టీవీ ఏరియల్ తిప్పటానికి మేడెక్కింది అంకారావే. అదీ షెడ్డు నుంచి తిన్నగా, చేతుల గ్రీజైనా కడుక్కోకుండా.

‘నువ్వు తీశావా’ అని వాణ్ణి అడగొచ్చు. అడిగితే అవునంటాడేమో. అందుకని అడగకుండా నిద్రలేపి చేతికి సంచీ ఇచ్చింది.

“రెంటచింతల పో. మీ మామకు బాగాలేదు.”

“ఎవరు చెప్పారే?”

“కలొచ్చింది.”

“ఈ ఎండల్లో రెంటచింతలా? మామ కంటే ముందు నేను పోతానే!”

“నోరు మూసుకుని బస్సెక్కు!”

వాడు సందు మలుపు తిరగ్గానే సీతమ్మ కుంకుడురసం గిన్నె, పాత పంచె ముక్కలు పట్టుకుని పక్కింటికి పరుగెత్తింది.

ఆ వీధిలో అటువంటి రైలింగు ఇంకో ఇంట్లో లేదు. ఇనప కమ్మీ పొడుగునా మీగడరంగు ప్లాస్టిక్ తొడుగు. మెహరున్నీసా భర్త రహీమ్ బెజవాడ నుంచి తెప్పించి వేయించాడు. ఇప్పుడు దాని మీద కింది నుంచి పైదాకా నల్లటి ముద్రలు, బొటనవేలి గీతలతో సహా. పౌడరు దండగ. గుడ్డివాడు కూడా పట్టుకుంటాడు.

“మీ ఇంట్లో ఇంత కష్టం పెట్టుకుని నేను ఊరికే కూర్చోలేను వదినా. ఇది కాస్త తుడిచిపెడతా.”

“అయ్యో, నీకెందుకు శ్రమ!” అంటూనే మెహరున్నీసా పీట తెచ్చి వేసింది. “ఇటికపొడి తెమ్మంటావా?”

“ఇదేమన్నా ఇత్తడి చెంబా? గీతలు పడతయ్.”

“పోనీ కిరసనాయిలు?”

“బంకబంకగా అయిద్ది. నా ప్లాస్టిక్ బిందె అట్టాగే పాడైంది.”

కొడుకు జైలుకు పోయేట్టున్నా, పని పనే. సీతమ్మ కుంకుడు నురుగుతో మెత్తగా రుద్ది, మంచినీళ్లతో కడిగి, చార పడకుండా పొడిగుడ్డతో తుడిచింది. బొటనవేలు పైన పడితే మిగతా నాలుగూ అడుగున పడతాయి కదా. మెట్టు మీద చతికిలబడి అడుగుభాగమూ తోమింది. కమ్మీకీ తొడుగుకీ మధ్య సందులో వేపపుల్లకు గుడ్డ చుట్టి తిప్పింది. అక్కడ ముద్ర పడాలంటే వేలు సూదంత ఉండాలి. అయినా ఎందుకొచ్చిన భయం?

సగం మెట్లు అయ్యేసరికి వాకిట్లో సైకిలు స్టాండు చప్పుడైంది. రహీమ్ దోస్తు, కానిస్టేబుల్ యల్లమంద!

“ఏంది పిన్నీ, రైలింగుకు తలంటు పోస్తన్నావు?”

సీతమ్మ గుండె జారి గిన్నెలో పడింది. “దుమ్ము నాయనా... చానా దుమ్ము!”

యల్లమంద నవ్వి, ఆరీ ఆరని తొడుగు మీద చెయ్యేసుకుంటూ పైకెక్కిపోయాడు. ఆ ముద్ర తుడవబోయి సీతమ్మ ఆగింది. ఉండనీ, దొరికితే ఈయనే దొరుకుతాడు. ఆయన్ని ఆయనే పట్టుకుని, ఆయనే కొట్టుకుంటాడు. అంతలోనే ఆయనా ఒక తల్లి కన్నబిడ్డేనని గుర్తొచ్చి, నిట్టూర్చి తుడిచేసింది.

పైనుంచి యల్లమంద గొంతు వినిపించింది. “రహీమ్ భాయ్, వాళ్లు బస్టాండులో దిగారు! రిక్షా ఎక్కిచ్చి వస్తన్నా.”

సీతమ్మకు చేతులు రెండూ చాల్లేదు. దేవుళ్లందరికీ, మెహరున్నీసా దేవుడికి కూడా కలిపి, ఒకే దణ్ణం పెట్టి గుడ్డ పిండింది.

“ఆ చివర గుండు కూడా వదినా,” అంది మెహరున్నీసా వేలు చూపించి. “దొంగ దాన్ని పట్టుకునే మలుపు తిరిగుంటాడు.”

అదీ తోమింది. నడుం పట్టేసింది. ఆఖరి గుడ్డ విదిలిస్తుండగా వాకిట్లో రిక్షాలు ఆగాయి. బుర్ఖాలో ఒక పెద్దావిడ, ఎర్రటోపీ పెట్టుకున్న ముసలాయన, పళ్లబుట్ట పట్టుకున్న ఇంకొకాయన దిగారు.

మారువేషాలు! పళ్లబుట్టలో పౌడరు డబ్బా ఉంటుంది. సీతమ్మ ఊపిరి బిగబట్టి గోడకు అతుక్కుపోయింది.

పెద్దావిడ రైలింగు మీద అరచెయ్యి ఆనించింది. నెమ్మదిగా మెట్టుమెట్టుకూ జరిపింది. పైకి చేరాక ఆ చేతిని వెలుగులో తిప్పి చూసుకుంది. మచ్చ లేదు.

“ఎంత శుభ్రంగా పెట్టుకున్నారమ్మా ఇల్లు!” అంది.

సీతమ్మ కళ్లు మూసుకుంది. కొడుకు బతికాడు.

వచ్చినవాళ్ల వెనకాలే ఎక్కుతున్న మెహరున్నీసా, సీతమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగి చెవిలో అంది.

“గొలుసు మైమూనా మెడలోనే ఉంది వదినా, పిల్లను చూడ్డానికి మాచర్లోళ్లొస్తన్నారు, కాస్త రైలింగు తోమిపెట్టమంటే నీకు నడుంనొప్పి వస్తదని, గొలుసు పోయిందని చెప్పా.”