మూడు దెబ్బలు

పాత మోటారు పడవ స్టీరింగ్ మళ్లీ మొరాయించింది. ఒకసారి తేలిగ్గా తిరుగుతుంది, ఒకసారి బిగుసుకుపోతుంది. గోదావరిలో పంపుహౌస్ గట్టుకు పడవను కట్టేసి, చీకటి పడ్డాక ఫిట్టర్ మొగిలి వెనక పలక తీసి లోపలికి దూరాడు. ముందువైపు స్టీరింగ్ చక్రం దగ్గర పడవ నడిపే బుచ్చన్న కూర్చున్నాడు. ఇంజను మోతలో మాట వినపడదని ఇద్దరూ బుచ్చన్న ఒకప్పుడు పనిచేసిన బొగ్గుబాయి, అంటే బొగ్గుగని, సైగలే పెట్టుకున్నారు. నూనె పైపు మీద ఒక దెబ్బ కొడితే చక్రం ఆపాలి, రెండు కొడితే తిప్పాలి, మూడు కొడితే మనిషి ఎక్కుతున్నాడని. విన్నవాడు అన్నే దెబ్బలు తిరిగి కొట్టాలి.

మొగిలి ఒకటి కొట్టాడు. బుచ్చన్న ఒకటి తిరిగి కొట్టాడు. మొగిలి స్పానర్ కింద పెట్టి, కారుతున్న జాయింటును తడమడానికి చుక్కాని కడ్డీ వెనక్కి చెయ్యి పోనిచ్చాడు.

టక్. టక్.

వెంటనే ముందు నుంచి బుచ్చన్న తిరుగు దెబ్బలు రెండూ పడ్డాయి. మొగిలి చెయ్యి లాక్కునేలోపే కడ్డీ విసురుగా తిరిగి అతని మణికట్టును చెక్కకేసి నలిపేసింది. ఎముకలు పటపటా విరిగాయి. ఆ కేకకు బుచ్చన్న ఇంజను ఆపేశాడు గానీ, చెయ్యి ఇరుక్కునే ఉంది.

"ఎందుకు తిప్పినవ్ కాకా! నా చెయ్యి పాయె!"

"నువ్వే రెండు కొడితివి గదరా!"

"నేను కొట్టలే. స్పానర్ కిందున్నది."

నెత్తురు చెక్క మీద కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతలో పడవ అడుగున, నీళ్లలోంచి, ఎవరో మూడు దెబ్బలు కొట్టారు.

"తిరిగి కొట్టకు కాకా!"

ఏండ్ల తరబడి బాయి మీద గంట కొట్టిన బుచ్చన్న చెయ్యి అప్పటికే పైపు మీద మూడోసారి పడింది.

ఎవరో నీళ్లలోంచి ఎక్కుతున్నట్టు పడవ ఏటి వైపు ఒరిగింది.