ఏడక్షరాల రాజు

బల్ల మీద ఫోన్ మోగగానే కత్తి రెబెక్క గొంతుకు ఇంకాస్త దగ్గరికొచ్చింది.

"ఎవరు?" అన్నాడు మొహానికి దస్తీ కట్టుకున్నవాడు.

"మా చెల్లె కొడుకు సుశాంత్. వికారాబాద్‌ల ఉంటడు. రోజూ గీ టైముకు ఇంగ్లీషు పేపర్ల పజిల్ కలిసి నింపుతం. ఎత్తకపోతే పరేషానై పక్కింటోళ్లకు చేస్తడు."

వాడు క్షణం ఆలోచించాడు. "స్పీకర్ పెట్టు. ఒక్క మాట అటుఇటైనా చూస్కో..." కత్తి మొన చర్మానికి తగిలింది.

ఆమె ఫోన్ ఎత్తింది.

"పెద్దమ్మా, పేపర్ ముంగట పెట్టుకున్న. చెప్పు. పదహారు వందల నలభై తొమ్మిదిల తల నరికిచ్చుకున్న ఇంగ్లండు రాజు. ఏడక్షరాలు."

చార్లెస్. తాండూరు బడిలో ఏళ్ల తరబడి చరిత్ర చెప్పిన రెబెక్కకు అదొక ప్రశ్నే కాదు. కాపాడమని అరిచే వీల్లేదు. తప్పు మాత్రం చెప్పగలదు. ఇలాంటివాటిలో పెద్దమ్మ తప్పు చెప్పదని సుశాంత్‌కు బాగా తెలుసు.

"విలియం," అంది.

"విలియమా?"

"ఆఁ. ఏడక్షరాలే గద. రాయి కొడుకా."

"సరే... ఎర్ల్ భార్యను ఏమంటరు? ఎనిమిది."

కౌంటెస్. "బారొనెస్," అంది.

"డ్యూక్ కన్న కింద, ఎర్ల్ కన్న మీద ఉండే దొర. గిది గూడ ఎనిమిదే."

మార్క్వెస్. "వైకౌంట్," అంది.

అవతల సుశాంత్ పేపర్ మడిచిన చప్పుడైంది.

"సమజైంది పెద్దమ్మా," అన్నాడు చివరికి. "మిగతాది నేను చూస్కుంట."

ఫోన్ కట్ అయింది. రెబెక్కకు ప్రాణం లేచొచ్చినట్టయింది. అర్థం చేసుకున్నాడు! ఇక వీణ్ణి కాసేపు ఆపగలిగితే చాలు.

"బీరువా తాళాలేవి?"

"వంటింట్ల పెట్టిన... యాడనో జర యాదికొస్తలేదు."

"నకరాలు చెయ్యకు!"

వాడు డబ్బాలన్నీ కింద కుమ్మరించాడు. కందిపప్పు నాపరాతి గచ్చు నిండా దొర్లింది. వెతగ్గా వెతగ్గా తాళంచెవులు దొరికాయి. ఆమెను ముందుకు తోసుకుంటూ పోయి బీరువా తెరిచాడు. రెబెక్కకు వాళ్లమ్మ ఇచ్చిన గాజులు, గొలుసు సంచిలో పడ్డాయి.

గేటు ముందు ఏదో బండి ఆగింది. వాడు బిగుసుకుపోయాడు. రెబెక్క చెవులు రిక్కించింది. బండి మళ్లీ కదిలి రైల్వే స్టేషన్ వైపు వెళ్లిపోయింది.

"దేవా, మా సుశాంత్‌ను జల్ది తోలు," అనుకుంది కళ్లు మూసుకుని.

అంతలో దొంగ జేబులో ఫోన్ మోగింది. ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో సంచి. కత్తి పట్టుకున్న చేత్తోనే తడబడుతూ ఫోన్ లాగి, బొటనవేలితో ఎక్కడో నొక్కాడు. స్పీకర్లోంచి గొంతు గదంతా నిండింది.

"పరమేశ్, జల్ది బయటపడు! ఇగ పోలీసులను పిలవకపోతే నా మీదికొస్తది. మా పెద్దమ్మ కావాల్నని అన్నీ తప్పులే చెప్పింది!"