తీగ బ్రేకు

కామెర్లతో శ్రవణ్ చనిపోయేనాటికి, అతను కోరి చేయించుకుంటున్న కొండ సైకిలు అచ్చంపేటలోని నా దుకాణంలో ముప్పావు వంతు తయారై ఉంది. బ్రేకులే మిగిలాయి. నెల తిరిగాక తల్లిదండ్రులు వచ్చారు. వద్దంటారనుకుని, విడిభాగాలు ఎవరికి అంటగట్టాలో అప్పటికే లెక్క వేసుకున్నాను.

"పూర్తి చెయ్యి సేటూ," అన్నాడు తండ్రి బిక్షం. మగ్గం నేసే మనిషి.

"ఆయిల్ బ్రేకు పెడ్త. ఏండ్లకేండ్లు ముట్టుకునే పనుండదు."

"గట్లయితే వద్దు. మాటిమాటికి సడలేది ఏది?"

నా దుకాణంలో అంతకుముందు ఎవరూ అలా అడగలేదు.

"తీగ బ్రేకు. ఇంతకీ తొక్కేదెవరే?"

"ఎవలు తొక్కుతరన్నా? ఈయనకు సైకిలే రాదు," అంది తల్లి ఆండాళు. "పోరని పాత సైకిలు బ్రేకు ఐతారం ఐతారం ఈయనే బిగిస్తుండె. ఇప్పుడు ఐతారమొస్తే చేతులు ఏడ వెట్టుకోవాల్నో తెలుస్తలేదు."

తీగను ఫ్రేము లోపలి నుంచి తీయబోయాను. బిక్షం ఆపాడు.

"పైకెంచి తియ్యి. నా చేతికి అందాలె."

అలాగే బిగించాను. ఆయన సైకిలు బయటికి నడిపిస్తుంటే ఆండాళు వెనక ఆగింది.

"తొక్కకుంటే తీగ సడలది గదన్నా?"

"సడలదమ్మా."

"ఏ నట్టు తిప్పితే సడల్తదో నాకు జర చూపియ్యి."

చూపించాను. ఆ బేరంలో సడలించే పని ఆమెకు, బిగించే పని ఆయనకు దక్కాయి.